గులకరాళ్ళ జడ

కుంకుమావతి ఎర్రరాతి నగరం. కోటగోడలు ఎరుపు, ఏడు ద్వారాల తోరణాలు ఎరుపు, పాటలవాహినీ నదిలోకి దిగే నూట ఎనిమిది మెట్లూ ఎరుపు. ఉదయపుటెండ పడగానే బురుజుల మీది కలశాలు, మేడల అంచుల్లో చెక్కిన హంసలు, గజశాల ముందరి జంట స్తంభాలు తోమిన రాగి బిందెల్లా మెరిసేవి. ఆ రోజు వాటికి తోడు వీధివీధినా పందిళ్ళు వేశారు. ముంగిళ్ళలో పన్నీరు చల్లారు. ఏనుగుల నొసళ్ళకు ముత్యాల జాలరులు కట్టారు. కొత్తగా వచ్చినవాడెవడైనా చూస్తే రాజుగారింట పెళ్ళనుకుంటాడు. నిజానికి ఆ పూట మహారాజు రత్నధ్వజుడు తన కిరీటాన్ని తీసి ధూమనేత్రుడనే మాంత్రికుడి నెత్తిన పెట్టబోతున్నాడు. దానికి సంబరం దేనికని అడగకండి. సంబరంగా ఉండాలని మాంత్రికుడు ఆజ్ఞ వేయించాడు, జనం కొత్త బట్టలు కట్టుకున్నారు, అంతే.

ఆ సందడి మధ్య పన్నెండు నూనె కావళ్ళు ఏటి ఒడ్డు మండపానికి వరసగా సాగుతున్నాయి. చివరి కావడి మోస్తున్నవాడు పెద్ద పాగా చుట్టి, నిలువు బొట్టు పెట్టి, ఒంటినిండా నువ్వుల నూనె వాసనతో అచ్చం గానుగవాడిలాగే ఉన్నాడు. చేతులు మాత్రం గానుగవాడివి కావు. వేళ్ళు కాయలు కాచి, గోళ్ళ సందుల్లో ఎర్రదుమ్ము ఇంకిపోయి ఉంది. అతని పేరు ఓబన్న. పలకలపాడులో బండలు చీల్చి బతికేవాడు. అతని ఎడమ కుండ నిండా నూనె ఉంది. కుడి కుండలో జానెడు నూనె కింద పొట్టి పిడి సమ్మెట ఒకటి, నాలుగు ఉలులు ఉన్నాయి.

సంగతేమంటే, ఏడు నెలల కిందట యువరాణి హేమలేఖ ఏటి ఎగువకు జలక్రీడకు వెళ్ళింది. వెంట వింజామర పట్టే పరిచారిక సుంకి ఒక్కతే ఉంది. ఇద్దరూ తిరిగి రాలేదు. నెల తిరిగాక ధూమనేత్రుడు కోట గుమ్మంలోకి వచ్చి, రాజును అడవిలోకి తీసుకుపోయి, నిలువెత్తు రాళ్ళు రెండు చూపించాడు. ఒకటి అచ్చంగా యువరాణి. ఇంకొకటి అచ్చంగా సుంకి. కిరీటమిస్తే యువరాణిని మళ్ళీ మనిషిని చేస్తానన్నాడు. రాజు ఆరు నెలలు పెనుగులాడాడు, వైద్యులను పిలిచాడు, యాగాలు చేశాడు, చివరికి ఒప్పుకున్నాడు. అప్పట్లోనే మాంత్రికుడు ఇంకో ఆన కూడా పెట్టించాడు. రాతిపని చేసేవాడెవడూ కోటలో అడుగుపెట్టకూడదు. ఉలి పోటు తగిలితే మంత్రం చెడుతుందని కారణం చెప్పాడు. రాజు ఎవరినీ అనుమానించలేనంత దుఃఖంలో ఉన్నప్పుడు అడిగిన ఆన అది.

ఓబన్న సుంకికి అన్న. చెల్లెలి రాతిని ఒక్కసారి కళ్ళారా చూసి, కాళ్ళ దగ్గర పసుపు కుంకుమ పెట్టి పోదామని గానుగవాడి వేషం కట్టాడు. సమ్మెట మాత్రం అలవాటుకొద్దీ తెచ్చుకున్నాడు. అది లేకుండా అతనికి నడక కూడా సరిగా రాదు.

మండపంలో యువరాణి శిల నడిమి వేదిక మీద ఉంది. దాని మీద ఏడు పొరల చీనాంబరం కప్పారు. చుట్టూ బంగారు కటకటాలు కట్టి, నలుగురు విప్రులు తప్ప ఎవరూ తాకకూడదని కట్టడి చేశారు. సుంకి శిల బయట, చివరి మెట్టు మీద ఉంది. లోపలికి వెళ్ళేవాళ్ళందరూ చెప్పులు దాని చుట్టూ విడిచిపెట్టారు. కావలివాడొకడు డాలు ఆ రాతి భుజానికి ఆనించి, తడి ఉత్తరీయాన్ని ఆ రాతి చేతి మీద ఆరేసుకున్నాడు. ఓబన్నకు ఒళ్ళు మండింది. ఇద్దరూ రాళ్ళయ్యాక కూడా ఒకరికి పట్టుబట్ట, ఒకరికి చెప్పుల గుట్టా అనుకున్నాడు.

నూనె అభిషేకం మొదలైంది. పదకొండు కావళ్ళు, ఆ చీనాంబరం మీదుగానే, యువరాణికి. మిగిలినది పరిచారికకు పొయ్యమన్నారు. ఓబన్న ముందుకు వచ్చి, ఉత్తరీయాన్ని తీసి విసిరేసి, చెల్లెలి రాతి తల మీద నూనె వంచాడు. ఆరు నెలల దుమ్ము కరిగి కిందికి జారింది. అసలు రాయి బయటపడింది.

ఓబన్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఆ రాతిలో పొరలున్నాయి. పాదాల దగ్గర రాయి ముట్టుకుంటే జారిపోయేంత నున్నన, మెత్తని ఒండ్రు గట్టిపడినట్టు. మోకాళ్ళ దగ్గర సన్నని ఇసుక. నడుము దగ్గర వేలెడు వెడల్పున ఒక పచ్చచార. రొమ్ము దగ్గర గరుకు ఇసుక. జడలోకి వచ్చేసరికి రేగుగింజలంత గులకరాళ్ళు, నడినెత్తిన గచ్చకాయలంత గులకరాళ్ళు. చెక్కినవాళ్ళు ఎంత ఓపికతో చెక్కారో గానీ, ఆ జడ పాయల్లో ప్రతి గులకరాయీ విడివిడిగా కనిపిస్తోంది.

మనిషి రాయి అయితే అందులోకి ఏటి గులకరాళ్ళు ఎలా వస్తాయి? ఇది ఏటి అడుగున పుట్టిన రాయి. ఎవరో చెక్కిన బొమ్మ. ఓబన్న మెట్టు మీద కూర్చుండిపోయాడు. అయితే అతన్ని అంతకంటే పెద్ద దెబ్బ కొట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ రాతిని తలకిందులుగా నిలబెట్టి చెక్కారు. ఏరు ఎప్పుడూ గులకరాళ్ళను అడుగున వేసి, ఒండ్రును పైన వేస్తుంది. పలకలపాడులో నడక రాని పిల్లలకు కూడా రాతి అడుగేదో మీదేదో తెలుసు. అక్కడ గుమ్మంలో బండ వేసినా, కళ్ళంలో బండ పరిచినా, రాతి మీదిపక్క ఆకాశానికే ఉంటుంది. ఒక్క సందర్భంలో తప్ప. గనిలో గోడ కూలి మనిషి లోపల చిక్కుకుపోతే, దారిలో ఒక బండను బోర్లా వేస్తారు. దాన్ని చూసినవాడు చేతిలో పని వదిలేసి గునపం తీసుకుని పరిగెత్తాలి. లోపలి మనిషి ప్రాణంతో ఉన్నాడని దానికి అర్థం.

సుంకి బతికుంది. ఎక్కడో చిక్కుకుని ఉంది. ఈ బొమ్మను చెక్కింది, చిన్ననాడు తన పక్కన కూర్చుని ఉలి పట్టడం నేర్చుకున్న సుంకే.

బూరలు మోగాయి. రత్నధ్వజుడు బంగారు పళ్ళెంలో కిరీటం పెట్టుకుని వచ్చాడు. పక్కన మంత్రి మేధానిధి. ఎదురుగా పులితోలు మీద ధూమనేత్రుడు. బూడిదరంగు కళ్ళు, మోకాళ్ళదాకా గడ్డం, చేతిలో ఎముకల దండం. పళ్ళెం చేతులు మారబోయే సమయానికి మెట్ల కిందినుంచి మాట వినిపించింది.

"మారాజా, ఆ కిరీటం ఇయ్యొద్దండి. మిమ్మల్ని మోసం చేస్తాండాడు."

పదిమంది భటులు ఓబన్న మీద పడ్డారు. పాగా ఊడిపోయింది. ధూమనేత్రుడు లేచి వచ్చి, ఓబన్న అరచేతిని తిప్పి చూసి, సన్నగా నవ్వాడు.

"వీడు రాళ్ళు కొట్టేవాడు. నా ఆన మీరి వచ్చాడు. మహారాజా, వీడి తల తీయించి పని కానివ్వండి. ముహూర్తం దాటిపోతోంది."

"తీయండి సామీ," అన్నాడు ఓబన్న. "తీసే ముందర ఒక మాట వినండి. ఈ మెట్టు మీద నిలబడుకోనుండేది నా చెల్లెలని చెప్పినారు. నా చెల్లెలు కాదిది. మా ఊరి పక్క ఏట్లో పుట్టిన రాయి."

మేధానిధి తెల్లని కనుబొమలు పైకెత్తాడు. డెబ్భై ఏళ్ళు శాస్త్రాలు చదివిన మనిషి. "ఏటిలో రాయి పుట్టడమేమిటోయ్? సృష్టితో పాటు కొండలు పుట్టాయి. రాళ్ళకు పుట్టుకా పెరుగుదలా ఉండవు."

"ఉండాయి సామీ. మీరు పైనుంచి చూస్తారు, మేము పగలగొట్టి చూస్తాం, అంతే తేడా. కొండ కూడా అరుగుతాది. పగలు ఎండకు కాగుతాది, రాత్రి మంచుకు సల్లబడతాది. నెరియ ఇస్తాది. ఆ నెరియలో గడ్డి వేరు దూరుతాది, వాన దూరుతాది. చెక్కలు చెక్కలుగా రాలుతాది. రాలిందాన్ని వాగు ఈడ్చుకోని పోతాది. దొర్లీ దొర్లీ అంచులు పోయి గులకరాయి అయితాది, ఇంకా దొర్లితే ఇసుక, ఇంకా అరిగితే బురద. నీళ్ళు నెమ్మదించిన చోట అన్నీ కిందికి దిగుతాయి. దాని మీద ఇంకో ఏడు వరద, దాని మీద ఇంకోటి. మీది బరువు కిందిదాన్ని అదుముతాది. నీళ్ళలోని సున్నమూ, ఇనప తుప్పూ దాన్నంతా అతికిస్తాయి. మీ కోట ఎరుపంతా ఆ తుప్పే సామీ."

జనంలో గుసగుస లేచింది. తమ కోటకు తుప్పు రంగు అంటగట్టడం కొందరికి నచ్చలేదు.

"కథ బాగుంది," అన్నాడు రాజు. అతని గొంతు అలసిపోయి ఉంది. "చూపించగలవా?"

ఓబన్న చుట్టూ చూశాడు. మాంత్రికుడి పూజాసామగ్రిలోనే మూరెడు ఎత్తు స్ఫటిక కలశం ఒకటి కనిపించింది. భటులు చేతులు వదలగానే దాన్ని అందుకుని, మెట్లు దిగి, ఏటి అంచున చేతికి దొరికిన గులకరాళ్ళూ ఇసుకా బురదా దోసిలితో తీసి అందులో వేసి, నీళ్ళు నింపి, మూతి అరచేత్తో మూసి గట్టిగా కుదిపాడు. కలశం అంతా ఎర్రగా కలగలిసిపోయింది. తెచ్చి రాజు ముందు పెట్టాడు. అందరూ మెడలు సాచి చూశారు. గులకరాళ్ళు టకటక అడుగుకు చేరాయి. వాటి మీద ముతక ఇసుక పడింది. దాని మీద సన్న ఇసుక. తాంబూలం నమిలేంత సేపటికి దాని మీద పలచగా బురద పొర దిగడం మొదలైంది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ మంత్రం వెయ్యలేదు.

"ఇప్పుడు ఆ బొమ్మను చూడండి. ఇవే వరసలు అందులో ఉండాయి. ఏరు ఏడాదికి గోరంత మందం వేస్తాది. ఆ బొమ్మ నా భుజం ఎత్తుండాది. ఎన్నేండ్లు పట్టింటాదో మీ గణకులతో లెక్క కట్టించండి. ఆరు నెలలైతే కాదు."

మేధానిధి కలశం దగ్గరికి వంగి, లేచి బొమ్మ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ కలశం దగ్గరికి వచ్చాడు. ముఖం పాలిపోయింది. "ఇందులో గులకరాళ్ళు అడుగున ఉన్నాయి. అందులో తలమీద ఉన్నాయే?"

ఓబన్న గతుక్కుమన్నాడు. చెక్కింది తన చెల్లెలని చెబితే, ద్రోహంలో భాగస్తురాలని ముందు ఆమె మెడ మీదికే కత్తి వస్తుంది. "చెక్కినోనికి పని సరిగా రాదేమో సామీ," అన్నాడు.

ధూమనేత్రుడు పగలబడి నవ్వాడు. "నా మంత్రం మనిషిని రాయి చేసింది. ఎలాంటి రాయిగా చెయ్యాలో నా ఇష్టం. పొరల రాయిగా చేశాను. అది మనిషి కాదని నిరూపించడానికి కలశంలో బురద కలిపితే సరిపోతుందా? మహారాజా, వీడి మాటకు అర్థం ఒక్కటే. నీ కూతుర్ని వదులుకో అని."

రాజు ఓబన్న వైపు తిరిగాడు. "రాతిపనివాడా, ఆ బొమ్మను చీల్చు. లోపల కూడా ఏరే కనిపిస్తే నిన్ను నమ్ముతాను. కనిపించకపోతే నీ చెల్లెల్ని నువ్వే చంపుకున్నవాడివవుతావు. ఆ తరువాత నీ తల కూడా ఉండదు."

ఓబన్న నూనె కుండలోంచి సమ్మెట తీశాడు. నూనె కారుతున్న పిడిని ధోవతికి తుడిచాడు. బొమ్మ ముందు నిలబడ్డాడు. సుంకి ముఖం. ముక్కు పక్కన చిన్నప్పుడు మేక కుమ్మిన గాటు కూడా ఉంది. మాంత్రికుడు చెప్పిందే నిజమైతే, ఈ దెబ్బ తగిలేది రాతికి కాదు. ఉలిని రాతికి ఆనించి వెనక్కి తీసుకున్నాడు. జడలోని గులకరాళ్ళను ఇంకోసారి తడిమాడు. తలకిందులు, తలకిందులు అని తనకు తాను చెప్పుకుని, రొమ్ము కింద పొర మీద ఉలి ఆనించి కొట్టాడు. ఒక దెబ్బ, పక్కకు జరిగి ఇంకో దెబ్బ, చుట్టూ తిరిగి పదహారు దెబ్బలు. పదిహేడో దెబ్బకు రాయి నిట్టూర్చినట్టు చప్పుడు చేసి అడ్డంగా విచ్చుకుంది. నలుగురు భటులు మీది సగాన్ని మూతలా ఎత్తి పక్కన పెట్టారు.

చీలిన ముఖం మీద ఒక చేప ఉంది. జానెడు పొడుగు. నల్లని అచ్చు. తోక, రెక్కలు, వెన్నెముక, దాని ముళ్ళు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. పక్కన రెండు నత్తగుల్లలు ఉన్నాయి.

"మారాజా," అన్నాడు ఓబన్న, "నా చెల్లెలి గుండెల్లో చేప యాడిది?"

విప్రులు చేతుల్లోని పూలు వదిలేశారు. మేధానిధి ఆ చేప ముందు చతికిలబడిపోయాడు. కుంకుమావతి లేనప్పుడు, రాజులు లేనప్పుడు, బహుశా మనిషే లేనప్పుడు ఈ నీళ్ళలో ఈదిన చేప అది. బురదలో పడి, బురదతోపాటు బిగిసి, ఈ పొద్దున మళ్ళీ ఎండ చూసింది. ఆ పెద్దాయన చదివిన ఏ పుస్తకంలోనూ అది లేదు. జనం వెనక్కి వెనక్కి జరిగారు.

రత్నధ్వజుడి ముఖం చూడటానికి భయం వేసేలా మారిపోయింది. "అయితే నా బిడ్డ అని ఆరు నెలలు నేను హారతి పట్టింది కూడా ఇలాంటి బొమ్మకేనా?"

"ఒకటి అబద్ధమైనప్పుడు ఇంకోటి నిజమెట్లయితాది సామీ," అన్నాడు ఓబన్న.

బండలు చీల్చేవాళ్ళకు ఒక నియమం ఉంది. చేత్తో తట్టి చూడని రాతి గురించి నోరు విప్పకూడదు. ఆ రెండో రాతిని ఓబన్న తట్టలేదు, చీనాంబరం కింద దాని కాలిగోరు కూడా చూడలేదు. అయినా నోరు విప్పాడు. చెల్లెలు బతికుందన్న సంతోషంలో అతనికి లోకమంతా ఒక్కటే రాతిగా కనిపించింది.

భటులు ధూమనేత్రుడి ఎముకల దండం విరిచి, గొలుసులు వేశారు. మాయమైపోతాడేమోనని అందరూ భయపడ్డారు గానీ అతడు కదలలేదు. గొలుసుల్లోంచి తల ఎత్తి మామూలు గొంతుతో, "మహారాజా, ఆ రెండోదాన్ని ముట్టుకోకు. అది నిజం," అన్నాడు. జనం ఘొల్లున నవ్వారు. ఆరు నెలల తరువాత కుంకుమావతి నవ్విన మొదటి నవ్వు అది.

రాజు నవ్వలేదు. "దాన్ని నా చేత్తో నేనే పగలగొడతాను. నా సిగ్గు నేనే చెరుపుకుంటాను."

ప్రతిష్ఠ చేసిన పట్టుబట్టలను విధిప్రకారం ఒక్కొక్కటే విప్పాలనీ, పొద్దు వాలేదాకా పడుతుందనీ విప్రులు చెప్పారు. సాయంత్రం కోట నగారా ఘడియకొకసారి మూడుసార్లు మోగుతుంది. మూడో నగారాకు పని ముగించాలని నిర్ణయమైంది. రాజు చెయ్యి చాపాడు. ఓబన్న తన సమ్మెటను వినయంగా ఆ చేతిలో పెట్టి, కటకటాల బయటినుంచే వేలు చూపించి, "అదో, ఆ రొమ్ము కింద. అక్కడ కొడితే సులువుగా పోతాది," అని చెప్పాడు.

ఆ తరువాత వెతుకులాట సంగతి వచ్చింది. ఎర్రరాతి మధ్య పచ్చచార ఉండేది ఆ నది పొడుగునా ఒక్కచోటే. ఎగువన గాజుకోనలో. పిల్లలిద్దరినీ అక్కడే దాచి ఉంటాడని ఓబన్న చెప్పగానే, రాజు తన పంచకళ్యాణి గుర్రాన్నీ ఒక ఈటెనూ ఇచ్చి పంపాడు. వెనక సైన్యాన్ని పంపుతానన్నాడు. ఓబన్న సైన్యం కోసం ఆగలేదు.

గుర్రం ఏటి గట్టున దుమ్ము రేపుకుంటూ పోయింది. అరక్రోసు పోయేసరికి పొలాలు అయిపోయాయి, క్రోసు దాటేసరికి దారి అయిపోయింది. బండల మధ్య అడుగు తీసి అడుగు వేస్తూ కోన చేరేసరికి పొద్దు వాలసాగింది. గాజుకోన ముఖద్వారంలో రెండు ఎర్రని గోడలు ఆకాశందాకా లేచి ఉన్నాయి. ఎరుపు మీద ఎరుపు, మధ్యలో పచ్చని చార, దాని మీద మళ్ళీ తెలుపు, ఊదా, నేరేడు రంగు. పట్టుచీరలు మడతలు పెట్టి పేర్చినట్టున్న ఆ గోడల మీద నీటి చెమ్మ మెరుస్తోంది. గోడల అడుగున మెత్తపొరను ఏరు తొలిచి తొలిచి తినేసింది. దాని మీది గట్టి బండ మాత్రం చూరులా ముందుకు వేలాడుతోంది.

ఆ చూరు కిందినుంచి ఉడుము వచ్చింది. ఏనుగంత ఉడుము. మెడలో మాంత్రికుడి రాగి తాయెత్తు వేలాడుతోంది. నాలుక బయటికి వచ్చినప్పుడల్లా సుడిగాలి లేస్తోంది. పంచకళ్యాణి సకిలించి, ఓబన్నను కింద పడేసి, వచ్చిన దారినే పారిపోయింది. ఓబన్న దొర్లి లేచి ఈటె విసరబోయి ఆగాడు. ఆ చర్మం మీద ఈటె గీత కూడా పెట్టదు. అతని కళ్ళు పైకి వెళ్ళాయి. వేలాడే బండకు కింద ఒకే ఒక రాతిచెక్క ఆధారంగా మిగిలి ఉంది. అదీ సగం చివికింది.

అతను ఉడుము కాళ్ళ కిందినుంచి దూరి చూరు కిందికి పరిగెత్తాడు. అది గిరుక్కున తిరిగి వెంటబడింది. ఓబన్న ఈటెను ఆ చెక్క వెనక నెరియలో దూర్చి ఒళ్ళంతా బరువు వేసి పీకాడు. చెక్క ఊడింది. అతను ముందుకు దూకాడు. వెనక కోనంతా దద్దరిల్లింది. దుమ్ము తగ్గాక తిరిగి చూస్తే, ఉడుము తోక కొస మాత్రం బండల కింద కనిపిస్తోంది. ఏరు పోయే సందు తప్ప కోన ముఖద్వారం మొత్తం మూసుకుపోయింది. తిరిగిపోయే దారి కూడా దానితోనే పోయింది. ఓబన్న దాన్ని అప్పుడు పట్టించుకోలేదు, ఎందుకంటే ఎదుటి గుహలోంచి ఉలి చప్పుడు వినిపిస్తోంది.

లోపల సుంకి కూర్చుని తన కాలి గొలుసును తానే నరుక్కుంటోంది. చుట్టూ రాతి పెళ్ళలు. మనిషి సగానికి సగమైంది. అన్నను చూసి లేచింది, లేవలేక మళ్ళీ కూర్చుంది.

"తలకిందులు చెక్కి పంపితే ఆర్నెల్లు పట్టిందా అన్నా నీకు?"

"కోటలోకి రానియ్యలేదు సుంకీ. ఈ పొద్దే చూసినా." ఓబన్నకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆమె చేతిలోని సుత్తి తీసుకుని గొలుసు మీద నాలుగు దెబ్బలు వేశాడు. కడియం పగిలింది. "ఎట్లుండావే? తిన్నావా?"

"వారానికోసారి ఇంత సద్ది పడేసేవాడు. నన్ను చంపడు. చంపితే వానికే నష్టం. యువరాణమ్మ యాడుండాది? చిన్న దెబ్బ గూడా తగల్లేదు గదా?"

"నువ్వే చెప్పాల. ఆమెను గూడా ఈడనే పెట్టినాడేమో అనుకున్నా," అంటూ ఓబన్న జరిగినదంతా గర్వంగా చెప్పడం మొదలుపెట్టాడు. కలశం సంగతి, చేప సంగతి, మాంత్రికుడికి గొలుసులు వేసిన సంగతి. సుంకి నవ్వుతూ విన్నది. "మారాజు రెండో బొమ్మను గూడా పగలగొడతాండాడు," అని అతను అనేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"ఏ రెండో బొమ్మ?"

"యువరాణిది. పట్టుబట్ట కప్పిండేది."

సుంకి అన్న చెయ్యి పట్టుకుని లేచింది.

"అన్నా, నేను చెక్కింది ఒకటే."

ఓబన్నకు ఆ మాట చెవిలో పడింది, బుర్రకు ఎక్కలేదు.

"నన్ను మాత్రమే చెక్కుకోమన్నాడు. యువరాణమ్మను నా కళ్ళ ముందరే రాయి చేసినాడు. నీళ్ళలో నిలబడుకోని నవ్వుతాండె, నవ్వుతానే బిగుసుకపాయ. వాని మంత్రం ఏడేండ్లకు ఒకసారే పలుకుతాదంట, అది ఆమె మీద అయిపాయ. మంత్రమేసినోడు కాకుండా, ఆమె రాయి అయిన గడియను చూసినోళ్ళు ముట్టుకోని పేరు పెట్టి పిలిస్తేనే మళ్ళా మనిషి అయితాది. చూసింది నేనొక్కదాన్నే. అందుకే నన్ను బతకనిచ్చినాడు, అందుకే నేను గూడా రాయి అయినానని లోకాన్ని నమ్మించినాడు. రాతిదాని కోసం ఎవరు వెతుకుతారు?"

ఓబన్న గోడకు ఆనుకున్నాడు. గొలుసుల్లో నిలబడి, అది నిజం అని మామూలుగా చెప్పిన మాంత్రికుడి ముఖం కళ్ళ ముందుకు వచ్చింది. అందరితోపాటు తను కూడా నవ్వాడు.

"సుంకీ, ఆ సమ్మెట నాది," అన్నాడు. "యాడ కొట్టాలో గూడా నేనే చూపించి వచ్చినా."

అప్పుడు దిగువనుంచి, నీటి మీదుగా, కోట నగారా మోగింది. మొదటిది.

ఇద్దరూ గుహ బయటికి పరిగెత్తారు. ముఖద్వారంలో కొండంత బండల గుట్ట ఉంది. దాన్ని ఎక్కి దిగాలంటే చీకటి పడుతుంది. గుర్రం లేదు. సైన్యం వచ్చినా ఆ గుట్టకు అవతలే ఆగిపోతుంది. మిగిలింది పాటలవాహిని ఒక్కటే. ఎరుపు నీళ్ళు నురగలు కక్కుతూ, కోనలోంచి నేరుగా కుంకుమావతి మెట్ల దాకా పోతున్నాయి. మధ్యలో మూడు సుడిగుండాలున్నాయని ఓబన్నకు తెలుసు. వాటిలోంచి ప్రాణాలతో బయటపడినవాణ్ణి అతను ఇంతవరకూ చూడలేదు.

"నువ్వు పోకుంటే నేనన్నా పోవాల," అంది సుంకి. "పిలవాల్సింది నేను."

ఓబన్న తన ధోవతి అంచు చింపి, చెల్లెలి మణికట్టును తన మణికట్టుకు కట్టుకున్నాడు. నీళ్ళు కాలిని తాకగానే ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఇద్దరూ దూకారు. మొదటి సుడి వాళ్ళను లోపలికి లాక్కునే వేళకు, దిగువన రెండో నగారా కూడా మోగింది. మండపంలో చివరి పట్టుబట్ట తొలగించి, రాజు సమ్మెట ఎత్తి పట్టుకుని, మూడో నగారా కోసం చెవి ఒగ్గి నిలబడ్డాడు. ఎండ పడిన ఆ రాతి ముఖంలో ఒక్క పొర కూడా లేదు.